లావు తగ్గే గోలీకి చీటీ ఎందుకు?

ఈ మధ్య న్యూజిలాండులో మనవాళ్లు నలుగురు కలిసిన చోట లావు తగ్గే గోలీ మాట రాకుండా పోవడం లేదు. "గా గోలీ ఏస్కుంటే ఆకలే కాదట అన్నా, నెలకు నాలుగు కిలోలు దిగుతరట" అని ఒకరంటారు. "మెడికల్ షాపులో అడిగితే ఇవ్వరంట, డాక్టర్ చీటీ కావాలంట" అని ఇంకొకరంటారు. ఆఫీసులో కాగితాలు రాసే గుమాస్తాలం కాబట్టి ఫారం నింపాలన్నా, డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలన్నా చాలామంది మా దగ్గరికే వస్తారు. ఈ గోలీ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మా ఇంట్లోనే ఇద్దరు ఆ చీటీ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఒకరికి ఇచ్చారు, ఇంకొకరికి ఇవ్వలేదు. వారి అనుమతితోనే ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ గోలీ ఏమిటో చెప్పుకుందాం. దాని మందు పేరు ఫెంటర్మిన్. ఇక్కడ డ్యూరోమిన్ అనే పేరుతో క్యాప్సూల్స్‌గా దొరుకుతుంది. ఇది కొత్త మందేమీ కాదు. అమెరికాలో 1959లోనే అనుమతి పొందింది. యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందుకు దగ్గరి చుట్టం. మెదడు మీద పనిచేసి ఆకలిని అణచివేస్తుంది. దాంతో పాటు గుండె వేగాన్ని, బీపీని పెంచగలదు. నిద్ర పట్టనివ్వదు. కొందరికి అలవాటుగా కూడా మారవచ్చు. అందుకే న్యూజిలాండులో 1975 నాటి మత్తుమందుల దుర్వినియోగ చట్టం కింద దీన్ని సీ తరగతి నియంత్రిత మందుగా పెట్టారు. అంటే డాక్టర్ చీటీ లేకుండా కొనడం, అమ్మడం, పక్కవాడికి ఇవ్వడం అన్నీ నేరాలే.

మన ఊళ్లో పద్ధతి వేరు. జ్వరం వస్తే ఆర్ఎంపీ డాక్టర్ సూది వేస్తాడు. మెడికల్ షాపులో నొప్పి అని చెబితే నాలుగు రంగుల గోలీలు కాగితంలో కట్టి ఇస్తారు. అలా పెరిగినవాళ్లకు ఇక్కడి పద్ధతి చూస్తే మనల్ని కావాలని తిప్పుతున్నారేమో అనిపిస్తుంది. డబ్బులు పెట్టి కొంటామంటే కూడా వద్దంటారేమిటని కోపం వస్తుంది.

అసలు లావు ఎందుకవుతున్నామో మీకు వేరే చెప్పనక్కర్లేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి రాత్రి పదింటికి కుక్కర్ పెడతాం. పొద్దుటి నుంచి సరిగా తినలేదు కాబట్టి ఒక్కసారే కంచం నిండా అన్నం, ఆవకాయ, పెరుగు. తిన్నది తిన్నట్టే పడక. నైట్ డ్యూటీ వాళ్లకైతే నిద్ర లేదు, వేళాపాళా లేదు. మధ్యలో ఆకలేస్తే చవకగా దొరికేది మాంసం పై, చిప్స్, తియ్యటి కూల్‌డ్రింకు. మా గుమాస్తాలకు కుర్చీలోంచి లేచే పని కూడా లేదు. ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మ "ఒళ్లు చేశావురా, బాగున్నావు" అంటుంది. ఆ ఒళ్లు వెనక షుగరో, బీపీయో కూర్చుని ఉంటే మాత్రం ఫోనులో కనబడదు.

మా ఇద్దరిలో ఒకరు జగిత్యాల అన్న. వయసు 38, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. రెండోవాడు భీమవరం తమ్ముడు. వయసు 32, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 90 కిలోలు. తమ్ముడికి మెట్లెక్కితే మోకాలు నొప్పి. అన్నకు ఏ నొప్పీ లేదు. వచ్చే సంక్రాంతి తర్వాత చెల్లెలి పెళ్లి ఉంది, ఆలోపు పొట్ట తగ్గాలని ఆయన కోరిక.

డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే మొదట చూసుకోవాల్సింది వీసా. రెండేళ్లు, అంతకు మించిన వర్క్ వీసా ఉన్నవాళ్లు ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలకు అర్హులు. వాళ్లు దగ్గర్లోని క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటే డాక్టర్ ఫీజు తగ్గుతుంది. వీసా అంతకంటే తక్కువ కాలానిదైతే మామూలుగా పూర్తి ఫీజు పడుతుంది. అలాంటివాళ్లు ముందే తమ ఇన్సూరెన్స్ కాగితం తీసి చదువుకోవాలి. ఏసీసీ ఉంది కదా అని కొందరు అంటారు. ఏసీసీ దెబ్బలకు, ప్రమాదాలకు మాత్రమే. లావుకు, బీపీకి, షుగరుకు అది వర్తించదు.

ఇద్దరికీ వేర్వేరుగా అపాయింట్‌మెంట్ దొరికింది. మొదట నర్సు ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత తీసుకుంది. బరువును ఎత్తుతో లెక్కగట్టి బీఎంఐ అనే అంకె చెబుతారు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఆ అంకె వస్తుంది. తమ్ముడిది దాదాపు 32, అన్నది 31. మామూలుగా 30 దాటితే ఊబకాయం అంటారు. మనవాళ్ల విషయంలో ఇంకా ముందే జాగ్రత్త పడాలి. మన ఒంటి తీరుకు కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది. అందుకే 2009లో భారతీయ వైద్య నిపుణులు కూర్చుని మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించారు. సన్నగా ఉన్నాం, పొట్ట ఒక్కటే కదా అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

తర్వాత డాక్టర్ అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. గుండె జబ్బు ఉందా, గుండె దడ వస్తుందా, థైరాయిడ్ ఉందా, కంట్లో గ్లకోమా ఉందా, ఎప్పుడైనా మనసు బాగోక మందులు వాడావా, మందు తాగుతావా, ఎంత తాగుతావు, మత్తు అలవాటు ఉండేదా, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా. ఇప్పుడు వాడుతున్న మందులేమిటని అడిగి, దగ్గు మందు, నాటు మందు, జిమ్ పొడి కూడా చెప్పమన్నారు. జగిత్యాల అన్నకు చిరాకు వచ్చింది. "పొట్ట తగ్గనీకి వస్తె నా పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నరు" అన్నాడు. కానీ ఆ ప్రశ్నల్లో ఒక్కటీ ఊరికే అడిగింది కాదు. అందులో చాలావాటికి అవునని జవాబొస్తే ఈ మందు ఇవ్వకూడదు.

ఆ తర్వాత బీపీ చూశారు. తమ్ముడిది 124/80. అన్నది 162/100. నడిచి వచ్చాడు కాబట్టి ఎక్కిందేమోనని పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. 160/98. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. అప్పుడూ అంతే ఉంది.

తమ్ముడికి చీటీ దొరికింది. తక్కువ మోతాదు, 15 మిల్లీగ్రాములది, ఒక నెలకు. ప్రతి నెలా వచ్చి బీపీ చూపించుకోవాలి, బరువు తగ్గకపోతే ఆపేస్తాం, తగ్గినా కొద్ది కాలమే ఇస్తాం అని ముందే చెప్పారు. ఈ మందుకు ఫార్మాక్ సాయం లేదు. ఫార్మాక్ అంటే ఏ మందులకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలో తేల్చే సంస్థ, 1993 నుంచి ఉంది. దాని సాయం లేదు కాబట్టి మొత్తం ధర మన జేబులోంచే. ధర షాపు షాపుకూ తేడా ఉంటుంది, కాబట్టి రెండు మూడు చోట్ల ఫోన్ చేసి అడగడం మంచిది.

అన్నకు చీటీ ఇవ్వలేదు. "ఈ బీపీతో ఈ మందు ఇస్తే నీకు మేలు కంటే కీడే ఎక్కువ" అన్నారట. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. "నాకంటె తక్కువ బరువున్నోనికి ఇచ్చిన్రు, నాకు ఇయ్యరా?" అని అన్న మండిపడ్డాడు. కాసేపటికి కోపం తగ్గి తమ్ముడి పక్కన కూర్చుని నెమ్మదిగా, "తమ్మీ, నీ డబ్బాల కెల్లి పది గోలీలు ఇయ్యి. పైసలిస్త. ఎవలికి ఎరుకైతది?" అన్నాడు.

తమ్ముడు తల వంచుకున్నాడు. ఈ ఇంట్లో మేం ఉప్పు, పప్పు, ఫోన్ చార్జర్, చలికోటు అన్నీ పంచుకుంటాం. తమ్ముడు కొత్తగా వచ్చి పని దొరకని రెండు నెలలు అన్నే వాడి అద్దె కట్టాడు. అలాంటి మనిషికి లేదనడం ఎంత కష్టమో దేశం కాని దేశంలో ఉన్న మీకు తెలుసు. చివరికి తమ్ముడే అన్నాడు, "అన్నా, నువ్వడిగితే నా జీతమైనా ఇస్తాను. ఇది మాత్రం ఇవ్వను. నీకేమన్నా అయితే వదినకు నేనేం చెప్పను?" అన్న మాట్లాడకుండా లేచి పడుకున్నాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

తమ్ముడు ఇవ్వకపోవడమే సరైనదని మేమందరం అన్నాం. చట్టం సంగతి ఒకటి. స్నేహితుడికి ఊరికే ఇచ్చినా నియంత్రిత మందును సరఫరా చేసినట్టే లెక్క. పోలీసు కేసు అయితే వీసాకు ముప్పు. అంతకంటే పెద్దది ప్రాణం సంగతి. 160 బీపీ ఉన్న మనిషి బీపీ పెంచే గోలీ మింగితే మెదడులో నరం చిట్లినా, గుండె ఆగినా అడిగే నాథుడుండడు. పెట్టెలో ఇంటికి వెళ్లిన మనవాళ్ల కథలు మనకు కొత్త కాదు.

లావు తగ్గే మందుల చరిత్ర చూసినా ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. 1990లలో అమెరికాలో ఫెంటర్మిన్‌కు ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందు కలిపి లక్షల మందికి రాసిచ్చారు. 1997లో మేయో క్లినిక్ డాక్టర్లు ఆ రెండూ కలిపి వాడిన 24 మంది ఆడవాళ్ల గుండె కవాటాలు పాడైనట్టు బయటపెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత సిబుట్రమిన్ అనే మందు వచ్చింది. గుండె జబ్బు ముప్పు ఉన్న సుమారు 10 వేల మంది మీద పరీక్షిస్తే గుండెపోటు, పక్షవాతం పెరిగినట్టు తేలింది. 2010లో న్యూజిలాండుతో సహా చాలా దేశాల్లో అది ఆగిపోయింది. 2011 ఫిబ్రవరిలో భారతదేశం కూడా నిషేధించింది.

అయితే సిబుట్రమిన్ పూర్తిగా పోలేదు. "మూలికలతో చేసింది, సైడ్ ఎఫెక్టులు లేవు" అని అమ్మే సన్నబడే క్యాప్సూల్స్‌లో, టీ పొడుల్లో దాన్ని రహస్యంగా కలుపుతున్నారు. ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ ఇలాంటి వాటిపై హెచ్చరికలు ఇచ్చింది. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకునే డబ్బాలో ఏముందో డబ్బా మీద రాసి ఉండదు. బీపీ ఎంతుందో తెలియని మనిషి, లోపల ఏముందో తెలియని గోలీ మింగడం కళ్లకు గంతలు కట్టుకుని బావి గట్టు మీద నడవడమే.

ఊరి నుంచి పోస్టులో తెప్పించుకుంటే పోలేదా అని కొందరు అడుగుతారు. అలా తెప్పించుకున్న మందుల పార్సిల్‌ను కస్టమ్స్ ఆపేయగలదు. ఇండియా డాక్టర్ చీటీ ఇక్కడి షాపులో చెల్లదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మన సొంత వాడకానికి మామూలు చీటీ మందులు మూడు నెలలకు, నియంత్రిత మందులైతే ఒక నెలకు సరిపడా తెచ్చుకోవచ్చు. అవి అసలు డబ్బాలోనే ఉండాలి, డాక్టర్ చీటీ గానీ ఉత్తరం గానీ వెంట ఉండాలి, దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో తెలపాలి. ఇక్కడి నుంచి దుబాయి మీదుగా ఊరికి పోయేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గల్ఫు దేశాల నియంత్రిత మందుల జాబితాలు వేరుగా, కఠినంగా ఉంటాయి. యూఏఈలోకి అలాంటి మందు తీసుకుపోవాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి.

సైట్ల మీద, అడవి పనిలో, మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. మీ దగ్గర మూత్ర పరీక్షలు చేస్తారు కదా. ఫెంటర్మిన్ వాడేవాళ్లకు మొదటి పరీక్షలో యాంఫెటమిన్ వాడినట్టు చూపించవచ్చు. తర్వాత ల్యాబులో చేసే ఖచ్చితమైన పరీక్షలో తేడా తెలుస్తుంది గానీ, ఆలోపు డ్యూటీ ఆగిపోతే నష్టం మనదే. చీటీ కాపీ దగ్గర పెట్టుకుని, పరీక్షకు ముందే చెప్పాలి. చీటీ లేకుండా ఎవరి దగ్గరో తీసుకున్న గోలీ అయితే ఏం చూపిస్తారు? ఆ కాగితం ముక్క మన ఉద్యోగానికి కూడా కాపలా.

తమ్ముడి సంగతి చెబుతాం. గోలీ పొద్దున టిఫిన్ వేళ వేసుకోమన్నారు. ఒకరోజు ఆలస్యంగా మధ్యాహ్నం వేసుకుంటే ఆ రాత్రి తెల్లవార్లూ కళ్లు మూతపడలేదు. నోరెండిపోవడం మొదటి నెలంతా ఉంది. ఆకలి మాత్రం నిజంగానే తగ్గింది. మూడు నెలల్లో 90 నుంచి 85కు వచ్చాడు. అప్పుడు డాక్టర్ ఆపేశారు. ఆపాక ఆకలి తిరిగొచ్చింది, రెండు కిలోలు కూడా తిరిగొచ్చాయి. గోలీ ఉన్న మూడు నెలల్లో రాత్రి అన్నం సగం చేయడం, కూల్‌డ్రింకు మానడం అలవాటు చేసుకున్నాడు కాబట్టి మిగిలిన మూడు కిలోలు నిలిచాయి. మోకాలు నొప్పి తగ్గిందంటాడు.

అన్న సంగతి ఇంకా చెప్పుకోవాలి. బీపీతో పాటు రక్త పరీక్షలు చేయించారు. షుగర్ రిపోర్టులో 43 అని ఉంది. మన ఊరి లెక్కలో షుగర్ 43 అంటే పడిపోవాల్సిందే కదా అని అందరం భయపడ్డాం. ఇక్కడ మూడు నెలల సగటు షుగర్‌ను వేరే కొలతలో రాస్తారు. ఆ 43 మన ఇండియా రిపోర్టులో 6.1 శాతం. ఇక్కడి లెక్కలో 41 నుంచి 49 వరకు షుగర్‌కు ముందు దశ, 50 దాటితే షుగర్ వచ్చినట్టు. అంటే అన్న గడప మీద ఉన్నాడు, ఇంకా లోపలికి పోలేదు.

బీపీ గోలీ రాశారు. దానికి ప్రభుత్వ సాయం ఉంది కాబట్టి, అర్హత ఉన్న అన్నకు 2024 జూలైలో మళ్లీ పెట్టిన 5 డాలర్ల రుసుముతోనే దొరికింది. ఆవకాయ, అప్పడం, చిప్స్ తగ్గించాడు. డ్యూటీ నుంచి రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచి వస్తాడు. ఆరు నెలల్లో 92 నుంచి 88 కిలోలకు దిగాడు. బీపీ 130 దగ్గర ఉంటోంది. చెల్లెలి పెళ్లికి పొట్ట పూర్తిగా పోలేదు గానీ, పెళ్లిలో బరువులన్నీ ఆయనే మోశాడు. గోలీ కోసం పోకపోయి ఉంటే తన బీపీ సంగతి ఎప్పటికి తెలిసేదో ఆయనకే తెలియదు. ఏ నొప్పీ లేకుండా లోపల తినేసే జబ్బు అది.

ఇప్పుడు వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. వెగోవీ న్యూజిలాండులో 2025 జూలైలో అమ్మకానికి వచ్చింది. అది ఈ నియంత్రిత జాబితాలోది కాదు. కానీ దానికీ చీటీ కావాలి, ఖర్చు చాలా ఎక్కువ. ఏ మందైనా ముందు ఒంటిని చూసి, తర్వాత రాయాల్సిందే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, వీసా కాగితం, వాడుతున్న మందుల డబ్బాలు అన్నీ పట్టుకెళ్లండి. ఇంగ్లిషు రాదని ఆగకండి. 1996 నుంచి అమల్లో ఉన్న రోగుల హక్కుల నియమావళి ప్రకారం, అవసరమై, వీలున్న చోట సమర్థుడైన దుబాసీ కావాలని అడిగే హక్కు మనకుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలి" అని చెప్పండి. డాక్టర్ కంపెనీకి చెప్పేస్తాడేమోనని చాలామంది భయం. మన ఆరోగ్య వివరాలకు చట్టం రక్షణ ఉంది, మనం ఒప్పుకోకుండా యజమానికి మామూలుగా చెప్పకూడదు. డాక్టర్ దగ్గరికి పోవాలో వద్దో తేలకపోతే హెల్త్‌లైన్‌కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి నర్సుతో మాట్లాడవచ్చు. నంబరు 0800 611 116.

డాక్టర్ వద్దంటే ఎందుకు వద్దన్నారో అడగండి. ఆ జవాబు గోలీ కంటే విలువైనది కావచ్చు. మీ పక్క మంచం మీద పడుకునే వాడు తన డబ్బాలోంచి గోలీ ఇవ్వనంటే వాడి మీద కోపం పెట్టుకోకండి. ఈ ఆదివారం బట్టలుతికాక, వాణ్ని వెంటబెట్టుకుని ఇద్దరూ కలిసి బీపీ చూపించుకు రండి.